చవక ఇయర్‌ఫోన్ల శబ్దాన్ని ఇంట్లోనే సరిచేసుకోవడం ఎలా?

"అన్నా, మీరు చెప్పిన మోడలే నేనూ మా తమ్ముడూ చెరొక జత తెప్పించుకున్నాం. వాడి దాంట్లో మృదంగం నిండుగా మోగుతోంది. నా దాంట్లో రేకుడబ్బా మీద వాయించినట్టుంది. నాకు నాసిరకం వచ్చిందా?" కడప నుంచి వచ్చిన ప్రశ్న ఇది. అనంతపురం నుంచి ఒకరు ఎడమ వైపు శబ్దం తగ్గిందంటారు. ఇంకొకరు పాటలో 'స' వచ్చిన ప్రతిసారీ చెవిలో సూది గుచ్చినట్టుందంటారు. ఇక్కడ కర్నూలులో మా వీధి పిల్లలైతే కొత్త జతను చేతిలో పట్టుకుని నేరుగా ఇంటికే వస్తారు. అందరికీ విడివిడిగా చెప్పేకంటే నేను పాటించే పద్ధతినంతా వరుసగా రాస్తే మేలనిపించింది.

ముందే ఒక మాట చెబుతాను. నా చేతికి వచ్చిన జతల్లో చాలావాటికి లోపల ఏ లోపమూ లేదు. టిప్పు, అంటే ఇయర్‌ఫోను మూతికి తొడిగే మెత్తటి తొడుగు, చెవికి సరిగ్గా అమరకపోవడమో, శబ్దం బయటికి వచ్చే ఆ మూతి మీది జాలీలో మురికి చేరడమో కారణం. చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోను ఒంటరిగా పనిచేయదు. అది మీ చెవి గొట్టాన్ని మూసి, ఆ కాస్త గాలిని కదిలిస్తుంది. గాలి బయటికి కారిపోతే మొదట పోయేది బేసే, అంటే బరువైన కింది స్వరాలే. ఒకే జత ఇద్దరికి రెండు రకాలుగా వినిపించడానికి ఇదే పెద్ద కారణం. చవక రకాల్లో ఒక జతకూ ఇంకో జతకూ నిజమైన తేడాలూ ఉంటాయి. జాలీ అంటించేటప్పుడు జిగురు కాస్త ఎక్కువ పడడం, లోపలి కాగితం కొంచెం పక్కకు జరగడం, గాలి రంధ్రం సగం పూడిపోవడం అలాంటివి. అయితే వాటి దాకా వెళ్లేముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి.

కావలసినవి

రకరకాల సైజుల టిప్పులు కావాలి. పెట్టెలో వచ్చినవి చాలకపోతే వెడల్పు రంధ్రం ఉన్న సిలికాన్ జత ఒకటి, నురుగు జత ఒకటి కొనండి. మెత్తటి, పూర్తిగా పొడిగా ఉన్న టూత్‌బ్రష్ ఒకటి. గాయాలకు కట్టు వేసేటప్పుడు వాడే తెల్లటి కాగితపు టేపు ఒక చుట్ట. మైక్రోపోర్ టేపు అని అడిగితే ఇస్తారు. నేను పెద్దాసుపత్రి దగ్గర మందుల దుకాణంలో కొన్న చుట్ట ఇంకా అయిపోలేదు. చిన్న కత్తెర, కనుబొమలు తీసుకునే చిమటా, ఫోనులో టోన్ జనరేటర్ యాప్ (కోరిన ఒక్క స్వరాన్నే మోగించేది), తంబూరా శ్రుతి యాప్, ఒక ఈక్వలైజర్ యాప్ (ఏ స్థాయి స్వరాలను ఎంత పెంచాలో, తగ్గించాలో మార్చుకునేది). ఒక నోటు పుస్తకం, పెన్ను కూడా దగ్గర పెట్టుకోండి. ఏం మార్చారో రాసుకోకపోతే మూడో మార్పు దగ్గరికి వచ్చేసరికి మొదటిది మరిచిపోతారు.

జిగురు, సూది, స్పిరిట్ మాత్రం బల్ల మీద ఉండకూడదు.

1. ఉన్నదాన్ని ఉన్నట్టు వినండి

ఫోనులో బేస్ బూస్ట్, సరౌండ్ లాంటి హంగులన్నీ ఆపేయండి. ఇవి రెండు చోట్ల దాక్కుంటాయి. ఒకటి ఫోను సెట్టింగుల్లో, ఇంకొకటి పాటల యాప్‌లో. రెండూ చూడండి. తరువాత మీకు బాగా తెలిసిన మూడు శబ్దాలు ఎంచుకోండి. నా మూడు ఇవి: వార్తలు చదివే గొంతు, మృదంగం ఒంటరిగా మోగే భాగం, నాదస్వరం. వార్తల గొంతులో 'స', 'ష', 'చ' ఎలా పలుకుతున్నాయో చూస్తాను. మృదంగంలో ఎడమ వైపు బరువైన దెబ్బ, కుడి వైపు నాదం విడివిడిగా వినిపించాలి. నాదస్వరం పైస్థాయిలో చెవికి పోటు పెట్టకూడదు. మీకు నచ్చిన వేరే శబ్దాలు తీసుకున్నా పరవాలేదు, చివరిదాకా అవే వాడండి. ఏం బాగాలేదో ఒక్క వాక్యంలో రాసుకోండి. "బాగాలేదు" అని రాస్తే ఎందుకూ పనికిరాదు. "స గుచ్చుతోంది", "గొంతు కుండలోంచి వచ్చినట్టుంది" అని రాయండి.

2. టిప్పు అమరిందో లేదో పరీక్షించండి

ఈ మెట్టును తొందరపడి దాటేయకండి. సగం సమస్యలు ఇక్కడే తీరిపోతాయి.

కుడి చెవిలో పెట్టుకునేటప్పుడు ఎడమ చేతిని తల వెనక నుంచి తెచ్చి, చెవిని కొద్దిగా పైకీ వెనక్కీ లాగండి. చెవి గొట్టం తిన్నగా అవుతుంది. అప్పుడు ఇయర్‌ఫోనును నెమ్మదిగా తిప్పుతూ లోపలికి పెట్టి, చెవిని వదిలేయండి. రెండో వైపూ అంతే.

ఇప్పుడు టోన్ యాప్‌లో 40 హెర్ట్జ్ (బాగా కింది స్వరం, అంకె పెరిగేకొద్దీ స్వరం పైకి పోతుంది) పెట్టి, శబ్దాన్ని తక్కువ నుంచి మెల్లగా పెంచండి. వినపడీ వినపడని స్థాయిలో ఆపి, ఇయర్‌ఫోనును వేలితో సున్నితంగా లోపలికి నొక్కండి. నొక్కగానే మోత ఒక్కసారిగా పెరిగితే గాలి కారుతోందన్నమాట. పెద్ద సైజు టిప్పు వేయండి. నొక్కినా ఏమీ మారకపోతే అమరిక సరిగ్గా ఉంది. తరువాత నోరు తెరిచి మూసి, నమిలినట్టు దవడ ఆడించి చూడండి. మోత వచ్చిపోతూ ఉంటే ఆ సైజు ఇంకా చాలలేదు.

చాలామంది చేసే పొరపాటు రెండు చెవులకూ ఒకే సైజు వాడాలనుకోవడం. రెండు చెవి గొట్టాలు కచ్చితంగా ఒకేలా ఉండాలని లేదు. నాకు కుడి చెవికి మధ్య సైజు, ఎడమ చెవికి పెద్దది సరిపోతుంది. ఇది తెలియక ఒక జతను ఎడమ వైపు పాడైందని పక్కన పడేశాను. ఏడాది తరువాత మా చెల్లెలు అదే జతను తీసి హాయిగా వాడుకుంటుంటే, అప్పుడు కూర్చుని పరీక్షించాను.

పెట్టుకునేటప్పుడు లోపల చిటుక్కుమని ప్లాస్టిక్ వంగినట్టు శబ్దం వస్తే భయపడకండి. గాలి ఒత్తిడికి లోపలి పలుచటి పొర వంగుతోంది. నెమ్మదిగా, తిప్పుతూ పెడితే తగ్గుతుంది. ఒక్క తోపుతో దూర్చడం మాత్రం మానేయండి.

3. టిప్పుతోనే స్వరం మార్చండి

రంధ్రం వెడల్పుగా ఉన్న టిప్పుతో పైస్వరాలు విప్పారుతాయి. సన్నటి రంధ్రం వాటిని కాస్త అణచి, బేస్ ముందుకు వచ్చినట్టు చేస్తుంది. నురుగు టిప్పు గుచ్చుకునే శబ్దాన్ని మెత్తబరుస్తుంది, బయటి రొదనూ బాగా ఆపుతుంది. 'స' గుచ్చుతోందని రాసుకున్నవారు ముందు నురుగు టిప్పు వేసి చూడండి. గొంతు మూగగా ఉందనుకున్నవారు వెడల్పు రంధ్రం వైపు వెళ్లండి.

ఎంత లోతుగా పెట్టుకుంటారన్నదీ ముఖ్యమే. మూసిన చెవి గొట్టంలో దాదాపు 7, 8 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక స్వరం పొంగుతుంది. లోతు మారితే ఆ పొంగు చోటు మారుతుంది. ఒక మిల్లీమీటరు లోపలికి జరిపితే గుచ్చుకోవడం పోయిందని కొందరు చెబితే కొట్టిపారేయకండి.

నురుగు టిప్పులు మన ఎండాకాలంలో చెమట పీల్చి తొందరగా పాడవుతాయి. సిలికాన్‌వి అయితే సబ్బు నీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాక తొడుక్కోవచ్చు.

4. జాలీ శుభ్రం చేయండి

ఎడమ వైపు తగ్గిందన్న ఫిర్యాదుకు మొదటి అనుమానితుడు గుబిలి. టిప్పు తీసి, మూతి మీది సన్నటి జాలీని వెలుతురులో చూడండి. రంధ్రాలు రెండు వైపులా ఒకేలా కనపడాలి. తాడిపత్రిలో బండల పాలిష్ దగ్గర పనిచేసే ఒక మిత్రుడు పంపిన జతలో రాతిపొడి, గుబిలి కలిసి జాలీ మీద సున్నం పూతలా గట్టిపడింది. అతను ఇయర్‌ఫోను పాడైందని కొత్తది కొనబోతున్నాడు. అయిదు నిమిషాల్లో తేలింది.

మూతిని నేల వైపు తిప్పి పట్టుకోండి. పొడి బ్రష్‌తో కింద నుంచి నెమ్మదిగా రుద్దండి. రాలిన మురికి కిందికి పడాలి, లోపలికి పోకూడదు. గట్టిగా అంటుకున్నదాన్ని టేపు ముక్క జిగురు వైపుతో అద్ది లాగండి. సూదితో పొడవద్దు. జాలీ చిరిగితే ఆ వైపు స్వరం పూర్తిగా మారిపోతుంది. నోటితో ఊదవద్దు, తేమ లోపలికి చేరుతుంది. స్పిరిట్ పోయవద్దు, జాలీని పట్టుకున్న జిగురు కరిగి రంధ్రాల్లోకే పాకవచ్చు.

5. తప్పు ఇయర్‌ఫోనుదా, చెవిదా, ఫోనుదా తేల్చండి

శుభ్రం చేసినా ఒక వైపు తక్కువగా ఉంటే ఇలా చేయండి. ఫోను యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో మోనో ఆడియో ఆన్ చేయండి, అప్పుడు రెండు చెవులకూ ఒకే శబ్దం వస్తుంది. ఎడమ, కుడి బ్యాలెన్స్ గీత సరిగ్గా మధ్యలో ఉందో చూడండి. తెలియకుండా వేలు తగిలి జరిగిన గీతలు ఎన్నో చూశాను. తంబూరా శ్రుతి పెట్టండి. ఆగకుండా ఒకేలా మోగుతుంది, అందులో చాలా స్థాయిల స్వరాలు ఉంటాయి. పోల్చడానికి ఇంతకు మించినది దొరకదు. శ్రుతి తల మధ్యలో నిలవాలి.

అది ఒక పక్కకు ఒరిగితే ఇయర్‌ఫోన్లను తారుమారు చేయండి. ఎడమది కుడి చెవిలో, కుడిది ఎడమ చెవిలో. తలకిందులుగా పెట్టాల్సి వచ్చినా పరవాలేదు, ఒక నిమిషమే కదా. శ్రుతి ఒరిగే పక్క కూడా మారితే లోపం ఇయర్‌ఫోనులోనో, దాని తీగలోనో, ఫోను జాక్‌లోనో ఉంది. ఇంకో ఫోనుకు పెట్టి చూస్తే జాక్ సంగతి తేలుతుంది. తీగ ఊడదీసే రకమైతే రెండు వైపుల తీగలు మార్చి తగిలించి చూడండి. లోపం తీగతో పాటు కదిలితే తీగ మార్చుకుంటే చాలు.

ఎలా మార్చినా శబ్దం ఎప్పుడూ అదే చెవిలో తక్కువగా ఉంటే, ముందు ఆ చెవికి టిప్పు మళ్లీ సరిచూడండి. అప్పటికీ తేడా ఉంటే చెవి డాక్టరుకు చూపించండి. గుబిలి అడ్డుపడి ఉండవచ్చు. పుల్లలతో మీరే తీసుకోవద్దు. వినికిడి ఒక్కసారిగా ఒక చెవిలో తగ్గిపోయిందనిపిస్తే ఆ రోజే వెళ్లండి, ఆలస్యం చేయకూడని విషయం అది.

రెండు పిన్నుల తీగ ఉన్నవారికి ఇంకో సూచన. ఒక వైపు పిన్నును తిరగేసి గుచ్చితే రెండు వైపులూ ఒకే స్థాయిలో మోగుతాయి, కానీ గొంతు తల మధ్యలో నిలవదు, బేస్ బోలుగా అనిపిస్తుంది. కొత్త తీగ వేసిన రోజే శబ్దం పాడైందనేవారు మొదట దీన్నే చూడండి.

6. టేపు వేయడం

టిప్పులతో తీరని తీక్షణత మిగిలితేనే ఈ మెట్టుకు రండి. కాగితపు టేపును మూతి కంటే కొద్దిగా పెద్దగా గుండ్రంగా కత్తిరించండి. రెండు వైపులకూ ఒకే చుట్ట నుంచి, ఒకే కొలతలో తీయాలి. మొదట జాలీలో సగం మాత్రమే కప్పండి. అంచును మూతి పక్కకు మడిచి, పైన టిప్పు తొడగండి. టిప్పే దాన్ని బిగించి పట్టుకుంటుంది. వినండి. ఇంకా గుచ్చుతుంటే ఇంకాస్త కప్పండి. ఈ టేపు గాలిని కొంత పోనిస్తుంది కాబట్టి పైస్వరాలు ఒక్కసారిగా మాయం కావు, తగ్గుతాయి. మామూలు ప్లాస్టిక్ టేపుతో ఈ పని చేయవద్దు, శబ్దం ఊపిరాడనట్టు అవుతుంది.

మూతిలో దూది దూర్చే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. నేను ఒప్పుకోను. పోగులు ఊడి చెవిలో పడతాయి, రెండు వైపులా ఒకే పరిమాణంలో పెట్టడమూ కష్టం.

బేస్ మార్చాలంటే గాలి రంధ్రాలున్నాయి. చెవి వైపు, మూతికి దగ్గరగా సూది మొనంత రంధ్రం ఒకటి, బయటి వైపు మరొకటి చాలా రకాల్లో ఉంటాయి. ఒక్క డైనమిక్ డ్రైవరున్న (పలుచటి పొరను కదిలించి శబ్దం పుట్టించే భాగం ఒక్కటే ఉన్న) మామూలు రకాల్లో సాధారణంగా ముందు రంధ్రం మూస్తే బేస్ పెరుగుతుంది, వెనకది మూస్తే తగ్గుతుంది. వెనకదాన్ని మొదట వేలితో మూసి విని చూడండి. నచ్చితేనే టేపు వేయండి. ముందు రంధ్రం పూర్తిగా మూస్తే చెవిలో ఒత్తిడి, ఇందాక చెప్పిన చిటుకు శబ్దం ఎక్కువవుతాయి. అందుకే నేను సగమే మూస్తాను. జిగురు చుక్క వేసి మూసేవారున్నారు. దాన్ని వెనక్కి తీయలేరు, దయచేసి ఆ పని చేయకండి.

టేపు వేశాక అయిదో మెట్టులోని తంబూరా పరీక్ష మళ్లీ చేయండి. శ్రుతి ఒరిగితే ఒక వైపు టేపు ఎక్కువ పడింది.

7. ఈక్వలైజర్‌తో మిగిలింది సరిచేయండి

ఆండ్రాయిడ్ ఫోనులో వేవ్‌లెట్, విండోస్ కంప్యూటర్‌లో ఈక్వలైజర్ ఏపీఓ బాగా పనిచేస్తాయి. ఒకే సూత్రం గుర్తుంచుకోండి: ముందు తగ్గించండి, పెంచడం తరువాత. నేను మొదలుపెట్టే చోట్లు ఇవి.

- గొంతు కుండలోంచి వచ్చినట్టుంటే 250 హెర్ట్జ్ దగ్గర 2 నుంచి 3 డెసిబెల్స్ తగ్గించండి.
- నాదస్వరం, ఆడగొంతు పైస్థాయిలో అరిచినట్టుంటే 3 కిలోహెర్ట్జ్ దగ్గర 2 తగ్గించండి.
- 'స' గుచ్చుతుంటే 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య 3 తగ్గించండి.
- మృదంగం పలుచగా ఉంటే 60 నుంచి 80 హెర్ట్జ్ దగ్గర 3 పెంచండి. పెంచినంత మేర ప్రీయాంప్‌ను, అంటే ఈక్వలైజర్‌లో మొత్తం శబ్దం స్థాయిని మార్చే గీతను, తగ్గించాలి. ఇక్కడ 3 పెంచితే అక్కడ మైనస్ 3. లేకపోతే బిగ్గరగా మోగే చోట శబ్దం పగులుతుంది.

గుచ్చుకునే చోటు కచ్చితంగా తెలియాలంటే టోన్ యాప్‌లో శబ్దం బాగా తగ్గించి, 2 నుంచి 10 కిలోహెర్ట్జ్ దాకా నెమ్మదిగా జరపండి. ఒక దగ్గర చివుక్కున పైకి లేస్తుంది. ఆ అంకె రాసుకుని, అక్కడే తగ్గించండి.

ఇతరులు కొలిచి పెట్టిన సెట్టింగులు మీ మోడల్ పేరుతో దొరకవచ్చు. బేస్, మధ్యస్వరాల వరకు అవి మంచి ఆరంభమే. పైస్వరాల దగ్గర మాత్రం గుడ్డిగా నమ్మకండి. వాళ్లు కొలిచింది వేరే జతను, వేరే లోతులో. ఆ 7, 8 కిలోహెర్ట్జ్ పొంగు మీ చెవిలో వేరే చోట ఉంటుంది. టిప్పు సరిగ్గా అమరక పోయిన బేస్‌ను ఈక్వలైజర్‌తో తెచ్చుకోవాలని చూడడం ఇంకో తప్పు. చిల్లు కుండలో ఎన్ని నీళ్లు పోసినా నిలుస్తాయా?

8. నిజంగా బాగుపడిందా?

కాస్త బిగ్గరగా ఉన్న శబ్దం ఎప్పుడూ మెరుగ్గానే అనిపిస్తుంది. అందరూ మోసపోయేది ఇక్కడే. మార్పుకు ముందు, తరువాత శబ్దం స్థాయి సమానంగా ఉంచి పోల్చండి. వార్తల గొంతు రెండు సందర్భాల్లోనూ ఒకే దూరంలో మాట్లాడుతున్నట్టుంటే సమానమైనట్టే. తరువాత ఇంట్లో ఒకరి చేతికి ఫోను ఇచ్చి, మీకు చెప్పకుండా ఈక్వలైజర్ ఆన్, ఆఫ్ చేయమనండి. పదిసార్లలో ఎనిమిది, తొమ్మిదిసార్లు గుర్తుపట్టగలిగి, ప్రతిసారీ అదే నచ్చితే ఉంచుకోండి. గుర్తుపట్టలేకపోతే ఆ మార్పు తీసేయండి.

ఒక పూటలో తేల్చేయకండి. రాత్రి విన్నది పొద్దున మళ్లీ వినండి. ఒకసారికి ఒకే మార్పు చేయండి. టిప్పు, టేపు, ఈక్వలైజర్ మూడూ ఒకే రోజు మారిస్తే ఏది పనిచేసిందో మీకే తెలియదు. వంద గంటలు మోగిస్తే శబ్దం విచ్చుకుంటుందన్న మాటను నేను నమ్మను. కొద్దిరోజుల్లో చెవి అలవాటు పడుతుంది, టిప్పు మీ చెవికి కుదురుతుంది. ఆ వంద గంటల్లో వాపసు గడువు దాటిపోతుంది, అసలు నష్టం అదే.

బస్సులో పరీక్షించి నిర్ణయాలు తీసుకోవద్దు. కర్నూలు నుంచి అనంతపురం పోయే దారిలో ఇంజను రొద బేస్‌ను మింగేస్తుంది. అక్కడ పెంచిన బేస్ ఇంటికి వచ్చాక బండలా బరువుగా ఉంటుంది. ప్రయాణానికి విడిగా ఒక సెట్టింగు దాచుకోండి, లేదా నురుగు టిప్పులు వేసుకోండి. రొదను ఆపుకుంటే శబ్దం పెంచే అవసరమే రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించే పరిమితి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. మగ్గాల దగ్గర, పాలిష్ యంత్రాల దగ్గర రొదను మించి వినిపించేలా పాటలు పెట్టుకునేవారికి ఈ లెక్క చాలా ముఖ్యం. విన్న తరువాత చెవుల్లో గుయ్యిమంటే ఆ రోజు స్థాయి ఎక్కువైనట్టే.

ఎప్పుడు వాపసు ఇవ్వాలి

తారుమారు పరీక్షలో లోపం ఇయర్‌ఫోనుదేనని తేలితే, తక్కువ బేస్ టోనుకు ఒక వైపు బుర్రుమని కొట్టుకుంటుంటే, తీగ కదిపినప్పుడల్లా శబ్దం తెగుతుంటే టేపు జోలికి పోకుండా వాపసు ఇచ్చేయండి. ఒకసారి నాకు వచ్చిన జతలో కుడి జాలీ మీద జిగురు మెరుస్తూ కనపడింది. పక్కపక్కన పెట్టి ఫొటో తీసి పంపితే మార్చి ఇచ్చారు. నేనే గీకి ఉంటే ఆ అవకాశం పోయేది. అందుకే పెట్టె విప్పిన రోజే మూడు పనులు చేయండి: జాలీల ఫొటో, 40 హెర్ట్జ్ పరీక్ష, తంబూరా పరీక్ష.

మే నెలలో ఇయర్‌ఫోన్లను స్కూటరు డిక్కీలో వదిలేయకండి. 40 డిగ్రీలు దాటిన ఎండలో డిక్కీ లోపల ఇంకా వేడి ఉంటుంది. జాలీ జిగురూ, మీరు వేసిన టేపు జిగురూ రెండూ జారతాయి. వేసవిలో టేపును నెలకోసారి తీసి చూసి, పసుపుపచ్చగా మారితే రెండు వైపులా కలిపి కొత్తది వేయండి. ఒక వైపు మాత్రమే మార్చితే శ్రుతి మళ్లీ ఒరుగుతుంది.